నాన్న తప్పెట అటక మీదే ఉండనివ్వండి

ప్రశ్న: మాది ఆమదాలవలస దగ్గర పల్లె. నాన్నకు 66 ఏళ్లు. వయసులో ఉండగా తప్పెటగుళ్ల జానపద నృత్య బృందంలో ఆడేవారు. ఏడు నెలల క్రితం అమ్మ పోయాక విజయనగరంలోని మా ఫ్లాటుకు తీసుకొచ్చాను. మాట్లాడరు, సరిగా తినరు, నిద్రపోరు. కౌన్సెలర్ దగ్గరకు తీసుకెళితే, కళలతో చికిత్స అంటూ రంగు పెన్సిళ్లిచ్చి మనసులో ఉన్నది గీయమన్నారు. నాన్న వాటిని పక్కకు జరిపి లేచి వచ్చేశారు. పోనీ అని ఊరి నుంచి ఆయన తప్పెట తెప్పిస్తే, అటక మీద పెట్టించేశారు. ఈ చికిత్స మాలాంటి వాళ్లకు పనికిరాదా?

జవాబు: పనికొస్తుంది. కాకపోతే కౌన్సెలర్ తొందరపడ్డారు, మీరు ఇంకాస్త తొందరపడ్డారు.

ఆర్ట్ థెరపీ అన్న పేరు 1942లో ఇంగ్లండులో ఏడ్రియన్ హిల్ అనే చిత్రకారుడు పెట్టినది. క్షయతో శానిటోరియంలో ఉన్నప్పుడు ఆయన బొమ్మలు వేసుకుంటూ తేరుకున్నారు. కుంచె ఆయన చేతికి అలవాటైనది. మీ నాన్నగారికో, మనవడి ఈడు పిల్లాడిలా పలకా బలపం ఇచ్చి కూర్చోబెట్టినట్టు అనిపించి ఉంటుంది.

తప్పెట సంగతి వేరు. ఛాతీకి రేకు వాద్యం, కాళ్లకు గజ్జెలు కట్టుకుని, జట్టంతా తిరుగుతూ ఆడే ఆట అది. ఫ్లాటులో ఒక్కరూ కూర్చుని వాయించేది కాదు. పైగా అమ్మగారి ఏడాది తిరగలేదు. సంవత్సరీకం కాకుండా దరువు వేయడం ఆయనకు తప్పుగా తోచి ఉండవచ్చు. అది మొండితనం కాదు, భార్యకు ఇచ్చే మర్యాద. సీతంపేట కొండల్లో సవర గిరిజనులు గోడల మీద వేసే బొమ్మలు పూర్వీకుల కోసం వేసేవి. వాటిని మనసు తేలికపడే డ్రాయింగు అంటూ ఎవరి చేతైనా వేయించేవారిని చూస్తే నాకు చిరాకు. ఏ కళ ఎవరిది, ఎప్పుడు చేస్తారు, ఎప్పుడు చేయరు అని ముందు అడగాలి కదా!

ఇంకో మాట. మన పల్లెల్లో ఆడవాళ్లు పోయిన మనిషి గుణగణాలను రాగం తీసి చెప్పుకుంటూ శోకం పెడతారు. మగవాళ్లకు ఆ వీలు లేదు. కర్మకాండ అయ్యాక కండువా దులుపుకుని పనిలోకి వెళ్లాల్సిందే. మీ నాన్నగారికి ఇప్పుడు ఆ పని కూడా లేదు. అరుగు మీద పలకరించే మనిషీ లేడు.

ఈసారి కౌన్సెలర్ దగ్గరకు ముందు మీరొక్కరే వెళ్లి ఇదంతా చెప్పండి. పాడమని, ఆడమని అడగవద్దనండి. కబుర్లు చెప్పించమనండి. ఆట ఎవరు నేర్పారు, ఏ ఊరి జాతరలో తెల్లవార్లూ ఆడారు, అమ్మగారు చూడటానికి వచ్చేవారా, ఏ పాటంటే ఇష్టపడేవారు? పాట గుర్తొస్తే మాటల్లో చెబితే చాలు. కథ చెప్పించడం కూడా ఈ చికిత్సలో భాగమే. మీరు ఫోను తీసి వీడియో మాత్రం తీయకండి. అన్నట్టు, మీ ఉత్తరంలో అమ్మగారి గురించి ‘పోయాక’ అన్న మాట తప్ప ఇంకేమీ లేదు. ఆవిడ గురించి మీకు గుర్తున్నవి కూడా ఆయనతో చెప్పండి.

వచ్చే మాసికానికి ఊరికి తీసుకెళ్లి, పాత జట్టువాళ్ల మధ్య నాలుగు రోజులు వదిలిపెట్టండి. ఏడాది తిరిగాక తప్పెట దించాలా వద్దా అన్నది ఆయన ఇష్టం.

అయితే ఏడు నెలలుగా తిండీ నిద్రా లేకపోవడాన్ని దిగులే కదా అని వదిలేయకూడదు. డిప్రెషన్ కావచ్చు, ఒంట్లో ఇంకేదైనా జబ్బు కావచ్చు. ఈ వారంలోనే మానసిక వైద్యుడికి చూపించి, షుగరు, థైరాయిడ్ పరీక్షలు కూడా చేయించండి. మందులు రాస్తే కళల చికిత్స ఉందిగా అని మానిపించవద్దు. ‘నేనూ పోతే బాగుండు’ అన్న మాట వినబడితే వారం దాకా ఆగకండి, ఆయన్ను ఒంటరిగా వదలకుండా ఆ రోజే తీసుకెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కు రాత్రయినా పగలయినా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.