ఊరి పేరు రాయని వ్యాసానికి జవాబు

చెన్నై

చిరంజీవికి ఆశీస్సులు.

అమ్మాయీ, నువ్వు బెంగళూరు నుంచి పంపిన వ్యాసం చదివాను. హోసూరు పక్క పల్లెలో అవ్వ రాగులు విసురుతూ పాడిన తిరగలి పాట దగ్గర కాసేపు ఆగిపోయాను. అంత బాగుంది ఆ చోటు. ఆ వెంటనే కోపమూ వచ్చింది. అవ్వ పేరు లేదు. ఊరి పేరు లేదు. ఏ రోజు పాడిందో, పాట మొత్తం ఇప్పుడు ఎవరి దగ్గరుందో లేదు. అదే ఊరి చెరువుగట్టు మీది శాసనాన్ని చరిత్ర విద్యార్థి ఒకరు చదువుతున్నారన్నావు, నాటు రాగి మీద జన్యుశాస్త్రం వాళ్ళు పనిచేస్తున్నారన్నావు. ఒకే ఊరి మీద మూడు శాఖల వాళ్ళు చేస్తున్న పనిని తెలుగులో ఒకచోటికి తేవాలనుకోవడం మంచి ఆలోచన. కానీ నీ వ్యాసం పట్టుకుని ఎవరూ ఆ రాయి దగ్గరికి వెళ్ళలేరు, ఆ పాట వినలేరు, ఆ విత్తనం అడిగి తెచ్చుకోలేరు.

ఏ పత్రికకి పంపాలి, ఎత్తుగడ కుదిరిందా అని అడిగావు. అవి తరవాత. పరిశోధన గురించి రాసేవాళ్ళ మొదటి పని, చదివినవాళ్ళు మన సాయం లేకుండా మూలం దగ్గరికి వెళ్ళేలా రాయడం. శైలి బాగాలేకపోతే ఒక వ్యాసమే పోతుంది. మూలం రాయకపోతే తరవాత వచ్చేవాళ్ళ పని కూడా పోతుంది.

జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారు ఇక్కడి మద్రాసు మెడికల్ కాలేజీలో చదువుకున్నారు. హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రచురించారు. మాలిబ్డేట్ కలిపి, తగిన రసాయనంతో రిడ్యూస్ చేస్తే నీలిరంగు వస్తుంది. ఆ రంగు గాఢతని, ఎంత భాస్వరం ఉందో ముందే తెలిసిన ద్రావణం రంగుతో పోల్చి చూస్తారు. వందేళ్ళయినా జీవరసాయన ప్రయోగశాలల్లో ఆ ఇద్దరి పేర్లూ వినిపిస్తున్నాయి. ఆయన ముఖం ఎన్నడూ చూడనివాళ్ళు, ఆ కాగితం ఒక్కటి ముందు పెట్టుకుని అదే కొలత రాబట్టగలిగారు గనక. పాటకైనా శాసనానికైనా నేను అడిగేది ఇదే.

పాట సంగతి ముందు చెబుతాను. ఫోన్లో రికార్డు చేసి వాట్సాప్‌లో పంచుకున్నామని రాశావు. అక్కడే సగం పోయింది. వాట్సాప్ ధ్వనిని కుదిస్తుంది. ఫొటో పంపితే అందులో దాగి ఉండే తేదీ, స్థలం వివరాలు కూడా తీసేస్తుంది. తప్పనిసరై పంపాల్సి వస్తే డాక్యుమెంటుగా పంపాలి. రికార్డింగు, ధ్వనిని కుదించని వేవ్ ఫైలుగా, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో ఉండాలి. ఒక్క మైకుతో చేస్తే గంటకి దాదాపు 520 మెగాబైట్లు అవుతుంది, ఈ రోజుల్లో అదేమంత పెద్ద బరువు కాదు. ఎంపీ3 చేసుకోవాలంటే వేవ్ నుంచి ఎప్పుడైనా చేసుకోవచ్చు. ఎంపీ3లో పోయిన ధ్వని మాత్రం తిరిగి రాదు. తిరగలి మోత గొంతును మింగేస్తుంది కాబట్టి మైకు అవ్వ నోటికి జానెడు దూరంలో, రాయికి ఎడంగా ఉండాలి. ఒకసారి విసురుతూ, ఒకసారి విసరకుండా పాడించుకోవాలి. విసిరేటప్పుడు లయ నిజంగా ఉంటుంది, ఊరికే పాడినప్పుడు మాటలు స్పష్టంగా ఉంటాయి. రెండూ కావాలి.

రికార్డింగు మొదలుపెట్టగానే నీ గొంతుతో తేదీ, ఊరు, అవ్వ పేరు, వయసు, పాట ఎవరి దగ్గర నేర్చుకుందో చెప్పు. ఎవరెవరు వినవచ్చు, పేరు బయట పెట్టవచ్చా అన్నది అవ్వ నోటితోనే చెప్పించు. కాగితం మీద వేలిముద్ర కన్నా ఇది నయం, ఎందుకంటే ఫైలూ అనుమతీ విడిపోవు. పేరు వద్దంటే వద్దు. అలాంటప్పుడు ‘పేరు చెప్పవద్దన్నారు’ అని వ్యాసంలో రాయాలి. ‘ఒక అవ్వ’ అని వదిలేస్తే, అడగలేదో, ఆమే వద్దందో చదివేవాళ్ళకి ఎలా తెలుస్తుంది?

మరో మాట. పాటను పుస్తకాల తెలుగులోకి దిద్దావు. హోసూరు ప్రాంతపు తెలుగులో కన్నడం, తమిళం కలిసిన పలుకుబడి ఉంటుంది. ఆ పలుకుబడే భాషాశాస్త్రం వాళ్ళకి పనికొచ్చే సరుకు. పలికింది పలికినట్టు ఒక వరసలో, అర్థం ఇంకో వరసలో రాయి. ఏలాన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ధ్వనికి ఎదురుగా సెకన్లతో సహా అక్షరాలు పెట్టుకోవచ్చు.

శాసనానికి వద్దాం. 1268 అని రాశావు. రాయి మీద ఉన్నది శక 1190, విభవ సంవత్సరం అని వ్యాసం చివర ఎక్కడో దొరికింది. రాయి మీద ఉన్నది ముందు రాసి, మన లెక్క ఆ తరవాత రాయాలి. శకానికి 78 కలపడం ఏడాదిలో ఎక్కువ నెలలకి సరిపోతుంది. పుష్యం దగ్గర ఇంగ్లీషు సంవత్సరం మారుతుంది గనక మాఘ ఫాల్గుణాలకి 79 కలపాలి. నెల రాయకుండా 1268 అని తేల్చేయడానికి లేదు. అరవై సంవత్సరాల పేరుతో సరిచూసుకునే పద్ధతి కూడా నేర్చుకో. గడిచిన శక సంవత్సరానికి 12 కలిపి 60తో భాగిస్తే మిగిలే శేషం ప్రభవ నుంచి ఎన్నోదో చెబుతుంది. 1190కి 12 కలిపితే 1202, శేషం 2, అంటే విభవ. రాయీ లెక్కా కలిశాయి. కలవకపోతే అక్షరం తప్పు చదివి ఉండాలి, లేదా రాయి గడిచిన సంవత్సరం కాకుండా నడుస్తున్న సంవత్సరం చెబుతూ ఉండాలి. రెవెన్యూ కాగితాల్లో జులైతో మొదలయ్యే ఫసలీ సంవత్సరం కనిపిస్తే జులై నుంచి డిసెంబరు వరకు 590, జనవరి నుంచి జూన్ వరకు 591 కలపాలి.

ఫొటోలో అక్షరాలకి సుద్ద పూసి ఉంది. ఆ పని ఎవరు చేసినా ఆపించు. సుద్ద పూసినవాళ్ళు తాము చదివిన అక్షరాన్నే పూస్తారు, ఇక చూసేవాళ్ళందరికీ అదే కనబడుతుంది. పొద్దున్నే, సాయంత్రం ఎండ ఏటవాలుగా పడేటప్పుడు రెండు వైపుల నుంచి తియ్యి, పక్కన స్కేలు పెట్టు. పురావస్తు శాఖలో శాసనాల విభాగం వార్షిక నివేదికలు 1887 నుంచి ఉన్నాయి. ఈ శాసనం వాటిలో ఇప్పటికే ఎక్కి ఉంటే ఆ సంఖ్య, సంవత్సరం ఇవ్వాలి. తాళపత్రానికీ ఇదే పద్ధతి. ఇక్కడి ప్రాచ్య లిఖిత గ్రంథాలయం పుస్తకమైతే జాబితాలో డి వరస నంబరా, ఆర్ వరస నంబరా అన్నది అంకెతో పాటు ఉండాలి, ఆకు సంఖ్య, ఆ ఆకులో ఏ వైపో ఉండాలి. ‘మద్రాసు లైబ్రరీలోని ఒక ప్రతి’ అంటే ఎవరూ వెతకలేరు.

‘నాటు రాగి’ అంటే ఏ రాగి? బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం (జీకేవీకే) విడుదల చేసిన జీపీయూ-28 లాంటి రకాలు పొలాల్లోకి వచ్చి చాలా కాలమైంది. పక్క పొలంలో అవి ఉన్నాయో లేదో రాయాలి. విత్తనం తీసుకున్న చోటుని అక్షాంశ రేఖాంశాలతో, దశాంశం తరవాత నాలుగు అంకెల దాకా ఇస్తే పది పన్నెండు మీటర్ల తేడాతో అక్కడికి చేరుకోవచ్చు. మొక్కను ఎండబెట్టి హెర్బేరియంలో, అంటే ఎండు మొక్కల్ని భద్రపరిచే చోట, ఇచ్చారా అని అడుగు. మీ బెంగళూరులోనే ఐఐఎస్సీలో జేసీబీ హెర్బేరియం ఉంది. విత్తనం ఢిల్లీలోని జాతీయ జన్యు నిధికి వెళ్ళి ఉంటే ఐసీ సంఖ్య ఒకటి ఇస్తారు. ఆ సంఖ్య ఒక్కటి ఉన్నా చాలు, వర్ణన ఒక పేరా తగ్గినా నష్టం లేదు.

ఈ వివరాలన్నీ ఎక్సెల్‌లో పెడుతున్నావు గనక హెచ్చరిస్తున్నాను. మనుషుల్లో సెప్ట్2, మార్చ్1 అనే జన్యువుల పేర్లని ఎక్సెల్ తేదీలుగా మార్చేసేది. ప్రచురితమైన పట్టికల్లోకి కూడా ఆ తప్పులు పాకడంతో 2020లో ఆ జన్యువుల పేర్లే మార్చాల్సి వచ్చింది. ఎక్సెల్ 15 అంకెలు దాటితే మిగతావి సున్నాలు చేస్తుంది. పరిశోధకులకి ఇచ్చే 16 అంకెల ఆర్కిడ్ గుర్తింపు సంఖ్యని గీతల్లేకుండా కొడితే చివరి అంకె పోతుంది. ముందే ఆ గడుల్ని టెక్స్ట్‌గా మార్చు. తేదీని 2025-03-14 పద్ధతిలో రాస్తే ఏది నెలో ఏది రోజో తగాదా ఉండదు.

ఈ మాటలు సంపాదకులకి నచ్చవు. ‘పాఠకుడు బెదిరిపోతాడు’ అంటూ శాసన సంఖ్యల్ని, అక్షాంశాల్ని, పాదసూచికల్ని కోసేసిన సంపాదకుల్ని చాలామందిని చూశాను. సినిమా పాట ఏడాది తప్పు వేస్తే ఉత్తరాల మీద ఉత్తరాలు రాసే తెలుగు పాఠకుడు శాసన సంఖ్య చూసి పారిపోతాడా? పత్రికలో చోటు లేదంటే వినాల్సిందే. అప్పుడు వివరాలన్నీ వేరే చోట దాచి, ఆ చిరునామా ఒక్క పంక్తిలో వేయమని పట్టుబట్టు. సదస్సు ప్రత్యేక సంచికల మోజులో కూడా పడకు. పదోన్నతి కోసం ఐఎస్‌బీఎన్ వేయించి, డబ్బు కట్టించుకుని, ఎవరూ చదివి చూడకుండా అచ్చేసే సంచికలవి. వాటిలో దొరికే మంచి వ్యాసాలు కూడా ఏ గ్రంథాలయ జాబితాకీ ఎక్కక మరుగున పడుతున్నాయి. మూడు రోజుల్లో ఆమోదం అనే జర్నళ్ళ సంగతి చెప్పనే అక్కరలేదు.

దాచడానికి, పరిశోధన ఫైళ్ళు ఉంచే జెనొడో అనే సైటు వాడు. యూరప్ భౌతికశాస్త్ర పరిశోధన సంస్థ సెర్న్ వాళ్ళు 2013 నుంచి నడుపుతున్నారు, ఖర్చు లేదు, మామూలుగా ఒక్కో రికార్డుకి 50 గిగాబైట్ల దాకా పడుతుంది. ప్రతి రికార్డుకీ డీఓఐ, అంటే మారని చిరునామా, ఇస్తుంది. ఇచ్చేది రెండు డీఓఐలు, ఒకటి నువ్వు ఎక్కించిన వెర్షనుకి, ఇంకోటి అన్ని వెర్షన్లకీ కలిపి. వ్యాసంలో వెర్షన్ డీఓఐ ఇవ్వు, లేకపోతే రేపు నువ్వు పట్టిక దిద్దితే చదివినవాళ్ళకి వేరే అంకెలు కనిపిస్తాయి. అవ్వ వద్దన్న రికార్డింగుని మూసి ఉంచి, వివరాల పేజీ మాత్రం తెరిచి ఉంచే వీలుంది. లెక్కలవాళ్ళు, భౌతికశాస్త్రం వాళ్ళు అచ్చుకి ముందే వ్యాసాలు అందరికీ తెరిచి పెట్టే, 1991లో మొదలైన ఆర్కైవ్‌కి అలవాటు పడ్డారు. శాసనం చదువుతున్న నీ చరిత్ర మిత్రుడికి ఆ అలవాటు ఉండకపోవచ్చు, నువ్వే కూర్చోబెట్టి ఎక్కించు. ఆయన సిద్ధాంత గ్రంథం, విశ్వవిద్యాలయాల సిద్ధాంత గ్రంథాలు దాచే శోధగంగ సైటులో ఉందన్నావు. దాన్ని తెరిచి ఏదైనా తెలుగు మాట వెతికి చూడు. యూనికోడ్ కాని అను ఫాంట్లలో చేసిన పీడీఎఫ్ అయితే ఒక్క మాటా దొరకదు, కాపీ చేస్తే పిచ్చిగీతలు వస్తాయి. యూనికోడ్‌లో కొట్టిన పీడీఎఫ్‌లోనూ ఒత్తులు చెదిరిపోవడం ఉంది. అందుకే పీడీఎఫ్ పక్కన మామూలు టెక్స్ట్ ఫైలు కూడా యూటీఎఫ్-8లో పెట్టమంటాను.

పేర్లు రాసే గడి దగ్గర మనవాళ్ళు ఎప్పుడూ తడబడతారు. ఇంటిపేరు ముందు పెట్టే అలవాటు మనది, తండ్రి పేరు పొడి అక్షరం పెట్టే అలవాటు ఇక్కడి తమిళులది. ఇంగ్లీషు జాబితాలు ఏది చివర ఉంటే అదే ఇంటిపేరనుకుంటాయి. అందుకే ఒకే మనిషి మూడు పేర్లతో మూడు చోట్ల ఉంటారు. ముగ్గురితోనూ ఆర్కిడ్ తీయించు, పేరుని ప్రతిచోటా ఒకేలా రాయమను. అవ్వ పేరు పాడినవారి గడిలో పెట్టు, కృతజ్ఞతల్లోకి నెట్టకు.

మళ్ళీ పంపేటప్పుడు వ్యాసంతో పాటు పట్టిక, రికార్డింగు జాబితా కలిపి పంపు. శాసనం ఫొటోలు డాక్యుమెంట్లుగా రావాలి, సుద్ద లేనివి.