ఎగిరే డైనోసార్లు మన దగ్గర ఉండేవా?

ప్రశ్న: హైదరాబాద్ బిర్లా మ్యూజియంలో మన గోదావరి లోయలో దొరికిన కోటాసారస్ అస్థిపంజరం చూసినప్పటి నుంచి, ఎగిరే డైనోసార్లు కూడా ఇక్కడ ఉండేవా అని మా బాబు ఒకటే అడుగుతున్నాడు. ఏం చెప్పాలి?
– ఓ పాఠకురాలు, హనుమకొండ

జవాబు: అవి డైనోసార్లు కావమ్మా, వాటికి దగ్గరి చుట్టాలు. టెరోసార్లు అంటారు. కోటాసారస్ దొరికిన కోటా రాతి పొరల్లోనే దొరికిన ఒక ముక్కని 1974లో టెరోసార్‌దని వర్ణించారు కానీ, తర్వాత దాని మీద అనుమానాలొచ్చాయి. కాబట్టి బాబుకి గట్టిగా ‘ఉండేవి’ అని చెప్పకండి.

వాడికి రాంఫోరింకస్ అనే టెరోసార్ శిలాజాల ఫొటోలు చూపించండి. జర్మనీలోని జోల్న్‌హోఫెన్ సున్నపురాయిలో దొరికాయి, సుమారు 15 కోట్ల ఏళ్ల నాటివి. రెక్కలు చాచినా రెండు మీటర్ల లోపే. ఆ రాయి ఎంత మెత్తటి బురదతో ఏర్పడిందంటే ఎముకలే కాదు, రెక్క పొర, తోక చివరి వెడల్పాటి భాగం కూడా అచ్చుపడ్డాయి. ఆ రెక్కంతా సాగదీసి పట్టుకున్నది ఒక్క వేలు, నాలుగోది! పళ్లు ముందుకు పొడుచుకొచ్చి ఉంటాయి, చేపలు పట్టడానికి.

నాకు బాగా ఇష్టమైన రాయి ఒకటుంది. అందులో రాంఫోరింకస్ గొంతులో చిన్న చేప ఇంకా అలాగే ఉంది, అది దాన్ని మింగుతుండగానే ఆస్పిడోరింకస్ అనే పెద్ద చేప దాని రెక్క పట్టుకుంది, పళ్లకి పొర చిక్కుకుని వదిలించుకోలేక చివరికి రెండూ చచ్చిపోయినట్టున్నాయి. మరో సంగతి, చిన్నా పెద్దా సైజుల్లో దొరికిన రాంఫోరింకస్‌లని చాలాకాలం వేర్వేరు జాతులనుకున్నారు. అవన్నీ ఒకే జాతి పిల్లలూ పెద్దలేనని 1995లో ఎముకలు కొలిచి చూపించారు.