మా నాన్న కేస్ షీట్ ఆస్పత్రి ఇవ్వనంటోంది

ప్రశ్న: మా నాన్నగారికి విజయవాడలోని ఒక ప్రైవేటు ఆస్పత్రిలో తుంటి కీలు మార్పిడి ఆపరేషన్ జరిగి రెండేళ్ల ఎనిమిది నెలలైంది. నొప్పి తగ్గలేదు. హైదరాబాద్‌లో మరో డాక్టరుకు చూపిస్తే, ఏ కంపెనీ కీలు వేశారో తెలియాలి, ఆపరేషన్ నోట్స్ తెమ్మన్నారు. మా దగ్గర డిశ్చార్జి సమ్మరీ ఒక్కటే ఉంది. మూడుసార్లు ఆస్పత్రికి వెళ్లి అడిగాను. రేపు రమ్మన్నారు, తర్వాత కేస్ షీట్ ఆస్పత్రి సొత్తు, కోర్టు ఆర్డరు తెస్తేనే ఇస్తామన్నారు. అప్పటి బిల్లులో 22 వేలు బాకీ ఉందని కూడా అంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: కోర్టు ఆర్డరు అక్కర్లేదు. కానీ మీకు వ్యవధి తక్కువగా ఉంది, అందుకే ముందు ఆ సంగతి చెబుతాను. భారత వైద్య మండలి 2002 నాటి వృత్తి నియమావళిలో 1.3.1 నిబంధన ప్రకారం, ఇన్‌పేషెంటు రికార్డును చికిత్స మొదలైన తేదీ నుంచి 3 సంవత్సరాలు భద్రపరచాలి. లెక్క డిశ్చార్జి తేదీ నుంచి కాదు, ఆఖరిసారి చూపించుకున్న రోజు నుంచీ కాదు. అంటే మీ నాన్నగారి ఫైలుకు మిగిలింది నాలుగు నెలలే. ఆ తర్వాత ‘పాత ఫైళ్లు తీసేశాం’ అంటే గట్టిగా నిలదీయడం కష్టం. మీరు ఇప్పుడే రాసి అడిగారనుకోండి, అడిగాక ఫైలు మాయమైతే దానికి వాళ్లే జవాబు చెప్పుకోవాలి.

అదే నియమావళి 1.3.2 ప్రకారం రోగి గానీ, రోగి అధికారమిచ్చిన మనిషి గానీ అడిగితే, దరఖాస్తు అందినట్టు తెలిపి 72 గంటల్లో కాపీలు ఇవ్వాలి. ఇవ్వకపోతే 7.2 కింద అది డాక్టరు వృత్తిపరమైన దుష్ప్రవర్తన. కొత్త రూల్స్ వచ్చాయని ఎవరైనా అంటే నమ్మకండి. ఆ మండలి స్థానంలో వచ్చిన జాతీయ వైద్య కమిషన్ 2023 ఆగస్టులో తెచ్చిన కొత్త నిబంధనలను అదే నెలలో పక్కన పెట్టింది, 2002 నియమావళే నడుస్తోంది.

కేస్ షీట్ సొత్తు ఎవరిదన్న వాదన సగమే నిజం. అసలు ఫైలు ఆస్పత్రి దగ్గరే ఉంటుంది, కాపీ పొందే హక్కు రోగిది. బొంబాయి హైకోర్టు 1996లోనే ఈ మాట తేల్చింది. ఇక బాకీ వేరు, రికార్డు వేరు. బిల్లు కట్టకపోతే ఇవ్వక్కర్లేదని ఆ నియమావళిలో ఎక్కడా లేదు. డబ్బు రావాల్సి ఉంటే దావా వేసుకోవచ్చు, కాగితాలు తాకట్టు పెట్టుకోకూడదు. జిరాక్సు ఖర్చు మాత్రం మీరు కట్టాలి, రసీదు తీసుకోండి.

మీ మూడు తిరుగుళ్లూ వృథా కావడానికి కారణం నోటితో అడగడమే. రాతపూర్వక దరఖాస్తు ఉంటేనే 72 గంటల లెక్కకు రుజువు ఉంటుంది. దరఖాస్తు మెడికల్ సూపరింటెండెంట్ పేరిట, ఆపరేషన్ చేసిన సర్జన్ పేరిట కలిపి రాయండి. 2002 నియమావళి కట్టడి చేసేది డాక్టర్లను, ఆస్పత్రి యాజమాన్యాన్ని కాదు. డాక్టరు పేరు లేని దరఖాస్తుతో తర్వాత మెడికల్ కౌన్సిల్‌కు వెళ్తే బలం ఉండదు. నాన్నగారి సంతకం ఉండాలి, కాపీలు తీసుకునే అధికారం మీకిస్తున్నట్టు అందులోనే ఒక వాక్యం రాయించి, ఇద్దరి ఆధార్ కాపీలు జతచేయండి. డిశ్చార్జి సమ్మరీ పైభాగంలో ఉండే ఐపీ (ఇన్‌పేషెంటు) నంబరు, చేరిన తేదీ తప్పకుండా వేయండి.

‘రిపోర్టులు ఇవ్వండి’ అని రాస్తే మళ్లీ ఆ డిశ్చార్జి సమ్మరీయే చేతిలో పెడతారు. అడ్మిషన్ నోట్స్, డాక్టర్ల రోజువారీ నోట్స్, నర్సుల చార్టులు, ఇచ్చిన మందుల చార్టు, సంతకాలు చేసిన అంగీకార పత్రాలు, ఆపరేషన్ నోట్స్, మత్తు డాక్టరు రికార్డు, ల్యాబ్ రిపోర్టులు, ఎక్స్‌రేల సీడీ, ఐటమ్‌వారీ బిల్లు అని విడివిడిగా రాయండి. మీ కేసులో అన్నిటికన్నా ముఖ్యం ఇంప్లాంట్ స్టిక్కర్. కీలు డబ్బా మీది ఆ స్టిక్కర్‌ను సాధారణంగా ఆపరేషన్ నోట్స్ దగ్గరే అంటిస్తారు. కంపెనీ, సైజు, లాట్ నంబరు దాని మీదే ఉంటాయి. 2010లో డెప్యూ కంపెనీ ఏఎస్ఆర్ రకం తుంటి కీళ్లను ప్రపంచవ్యాప్తంగా వెనక్కి పిలిచారు. అలాంటప్పుడు తన ఒంట్లో ఉన్నది ఆ కీలేనా అని రోగి తేల్చుకోవాలంటే ఆ స్టిక్కరే దిక్కు. బిల్లులోనూ ఇంప్లాంట్ వివరం ఉండొచ్చు, అందుకే దాన్నీ అడగమన్నాను.

రెండు ప్రతులు పట్టుకెళ్లి, ఒకదాని మీద ముద్ర, తేదీ, టైము వేయించుకోండి. ముద్ర వేసేది లేదంటే అక్కడే వాదించొద్దు, ఆ రోజే స్పీడ్ పోస్టులో పంపి ఆస్పత్రి ఈమెయిల్‌కూ పెట్టండి. కాపీలు ఇచ్చినప్పుడు పేజీలు లెక్కపెట్టి, ప్రతి పేజీ మీద ‘ట్రూ కాపీ’ ముద్ర, సంతకం అడగండి. తేదీల వరుస మధ్యలో తెగిందా, దిద్దుబాట్లున్నాయా అన్నది అక్కడే చూసుకోవాలి.

72 గంటలు దాటినా ఇవ్వకపోతే డాక్టరుపై ఆంధ్రప్రదేశ్ మెడికల్ కౌన్సిల్‌కు, ఆస్పత్రిపై జిల్లా వైద్య ఆరోగ్యశాఖ అధికారికి (డీఎంహెచ్‌వో) ఫిర్యాదు చేయండి. ఆ ఫిర్యాదులో జాతీయ మానవ హక్కుల కమిషన్ రూపొందించిన రోగుల హక్కుల పత్రాన్నీ ప్రస్తావించండి. డిశ్చార్జి తర్వాత 72 గంటల్లో కాపీలివ్వాలని అందులోనూ ఉంది, అయితే అది చట్టం కాదు కాబట్టి దాన్నొక్కదాన్నే నమ్ముకోవద్దు.

అసలు పట్టు వినియోగదారుల కమిషన్‌లో ఉంది. రికార్డు ఇవ్వకపోవడమే సేవాలోపం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 38(9) కింద కమిషన్ ఫైలు తెప్పించగలదు. ఫిర్యాదుదారు నివాసం ఉన్న జిల్లాలోనే వేయొచ్చు, ఆస్పత్రికి చెల్లించింది 5 లక్షల లోపయితే ఫీజు లేదు. ఒక జాగ్రత్త: సెక్షన్ 69 గడువు 2 సంవత్సరాలు. ఆపరేషన్ లోపం మీద కేసు వేయాలంటే, లోపం ఎప్పుడు బయటపడిందో చూపాలి, లేదా ఆలస్యాన్ని మన్నించమని కారణాలతో కోరాలి. రికార్డు నిరాకరణ మాత్రం ఈనాటిది, దాని గడువు ఇప్పుడే మొదలైంది.

ప్రభుత్వ ఆస్పత్రి అయితే సమాచార హక్కు దరఖాస్తు చాలు, గడువు 30 రోజులు. మన మాడభూషి శ్రీధర్ కేంద్ర సమాచార కమిషనర్‌గా ఉన్నప్పుడు, తన చికిత్స వివరాలు తెలుసుకోవడం రోగి హక్కు అని ఆదేశాలిచ్చారు. రోగి చనిపోయి ఉంటే వారసులు అడగొచ్చు, మరణ ధ్రువీకరణ పత్రం, బంధుత్వం చూపే కాగితం జతచేయాలి.

దరఖాస్తు ఇవ్వడానికి వెళ్లేటప్పుడు డిశ్చార్జి సమ్మరీ జిరాక్సే తీసుకెళ్లండి. ఒరిజినల్ అడిగినా కౌంటర్‌లో ఇవ్వకండి.