చానల్ మూయించమని రాయకు బిడ్డా

నల్లగొండ

బిడ్డా,

నువ్వు వాట్సాప్‌లో పంపిన వినతిపత్రం చదివాను. "ఈ చానల్‌ను తక్షణమే నిషేధించాలి" అని పైనే పెద్ద అక్షరాల్లో రాసి, కింద మీ మహిళా సంఘం వాళ్ళందరి సంతకాలు పెట్టించావు. సోమవారం ప్రజావాణిలో కలెక్టర్‌కు ఇస్తానన్నావు. మీ కోపంలో న్యాయం ఉంది. కానీ ఆ కాగితం అలాగే ఇస్తే దాని మీద ఒక ముద్ర పడుతుంది, ఏదో ఒక సెక్షన్‌కు పోతుంది, అక్కడే ఉంటుంది. పౌర సంబంధాల శాఖలో పనిచేసినన్నాళ్ళూ అట్లాంటి కాగితాల గతి ఏమవుతుందో చూశాను కాబట్టి చెబుతున్నా.

మొదటి చిక్కు ఏమిటంటే, మూడు వేరువేరు గొడవలను ఒకే కాగితంలో కలిపేశావు. మోకాళ్ళ నూనె ప్రకటన ఒకటి. దేవరకొండ వైపు అధికారులు ఆపిన బాల్యవివాహం వార్తలో ఆ అమ్మాయి ముఖం, ఇల్లు, బడి అన్నీ చూపించడం రెండోది. రాత్రి వచ్చే నాగదేవత సీరియల్ మూడోది. ఈ మూడింటికీ దారులు వేరు.

సీరియల్ సంగతి ముందే తేల్చేస్తాను, వదిలెయ్. మనకు నచ్చకపోవడం వేరు, నియమం తప్పడం వేరు. మూఢనమ్మకాలను ప్రోత్సహించే కార్యక్రమాలు వేయకూడదని ప్రోగ్రామ్ కోడ్‌లో, అంటే టీవీలో ఏం వేయకూడదో చెప్పే నియమాల్లో, ఉన్న మాట నిజమే. పట్టుదల ఉంటే ఏ ఎపిసోడ్, ఏ సీన్ అని చూపించి, వినోద చానళ్ళ ఫిర్యాదులు వినే బ్రాడ్‌కాస్టింగ్ కంటెంట్ కంప్లైంట్స్ కౌన్సిల్‌కు రాయొచ్చు. 2011 నుంచి ఉంది అది. కానీ కథ కథే కదా అని వాళ్ళు అంటే మన దగ్గర గట్టి జవాబు లేదు. పైగా మీ అత్తమ్మ రోజూ చూసేది ఆ సీరియలే. ఇంట్లో ఆ గొడవ నీకెందుకు?

అసలైనది ఆ అమ్మాయి వార్త. దాని మీద నీకు బలమైన చట్టం ఉంది, అది నీ కాగితంలో ఎక్కడా లేదు. పెళ్ళి చేయబోతున్న మైనర్‌ను 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం రక్షణ అవసరమైన బాలల్లో లెక్కిస్తుంది. అలాంటి పిల్లల పేరు, చిరునామా, బడి, గుర్తుపట్టే ఏ వివరమూ పత్రికలో గాని టీవీలో గాని రాకూడదని 74వ సెక్షన్ చెబుతుంది. తప్పితే ఆరు నెలల దాకా జైలు, లేదా రూ. 2 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. "పరువు తీశారు", "సంస్కారం లేదు" అని రాసిన నాలుగు పేరాలు కొట్టేసి ఈ ఒక్క సెక్షన్ రాయి.

ఇంకో మాట, కొంచెం కటువుగానే అంటున్నా. ఆ క్లిప్పును "చూడండి ఎంత ఘోరమో" అని మీ సంఘం గ్రూపులో నువ్వే పెట్టావు. చానల్ చేసిన పనినే అది మరో నలుగురికి చేరవేసింది. ఈ ఉత్తరం చదవగానే దాన్ని తీసెయ్, మిగతా వాళ్ళతోనూ తీయించు. ఫిర్యాదులోనూ అమ్మాయి పేరు, ఊరు రాయకు. సంతకాల కాగితం ఎన్ని చేతులు మారుతుందో మనకు తెలియదు. "ఫలానా తేదీ, రాత్రి ఫలానా సమయానికి వచ్చిన వార్తలోని బాలిక" అంటే చాలు, వాళ్ళు చూసుకుంటారు.

ఆధారం కోసం నీ ఫోన్‌లో ఒక్క కాపీ ఉంచుకో. తేదీ, సమయం, చానల్ లోగో కనిపించేలా ఉండాలి. యూట్యూబ్‌లో పెట్టి ఉంటే ఆ లింకు రాసిపెట్టుకో, వాళ్ళు తీసేస్తే స్క్రీన్‌షాట్ పనికొస్తుంది. నీ దగ్గర లేకున్నా భయం లేదు, ప్రసారం చేసినదాన్ని చానల్ 90 రోజులు దాచి, అడిగితే ప్రభుత్వానికి చూపించాలి. అందుకే ఆలస్యం పనికిరాదు.

ఇప్పుడు ఎవరికి రాయాలన్నది. అందరూ కలెక్టర్ దగ్గరికో ఢిల్లీకో పరుగెత్తుతారు, నిజానికి మొదటి గడప చానలే. 2021 జూన్‌లో కేబుల్ టెలివిజన్ నియమాలను సవరించి మూడు మెట్లు పెట్టారు. ప్రతి చానల్ ఫిర్యాదులు చూసే అధికారిని నియమించి, వివరాలు తన వెబ్‌సైట్‌లో పెట్టాలి. నీ ఫిర్యాదు అందినట్టు 24 గంటల్లో రసీదు ఇవ్వాలి, 15 రోజుల్లో జవాబు చెప్పాలి. చెప్పకపోయినా, చెప్పింది నచ్చకపోయినా, ఆ తర్వాత 15 రోజుల్లోగా ఆ చానల్ సభ్యత్వం ఉన్న స్వీయ నియంత్రణ సంస్థకు, అంటే చానళ్ళే కలిసి పెట్టుకున్న సంస్థకు, అప్పీలు చేయాలి. ఆ సంస్థ 60 రోజుల్లో తేల్చాలి. అక్కడా కాకపోతే కేంద్ర సమాచార ప్రసార శాఖ. వార్తా చానళ్ళలో చాలావాటికి రెండో మెట్టు ఎన్‌బీడీఎస్ఏ (న్యూస్ బ్రాడ్‌కాస్టింగ్ అండ్ డిజిటల్ స్టాండర్డ్స్ అథారిటీ) అనే సంస్థ, రిటైర్డ్ న్యాయమూర్తి దాని అధ్యక్షులు. అక్కడికి పోవాల్సి వస్తే, ప్రసారమైన వారం లోపే చానల్‌కు రాశావా అని చూస్తారు. కాబట్టి సంతకాల కోసం ఇంటింటికీ తిరుగుతూ వారం దాటనీయకు. నీ ఒక్కదాని సంతకంతోనే ఈమెయిల్ పంపు, మిగతా సంతకాలు తర్వాత జతచేయొచ్చు.

ఆ సంస్థ వేయగలిగే జరిమానా రూ. లక్ష. కోట్లు నడిచే వ్యాపారానికి అది ఏ మూలకు? 2023లో సుప్రీంకోర్టే ఆ మాట అంది. అందుకే నేను జరిమానా మీద ఆశ పెట్టుకోను. క్లిప్పు తీయించడం, అదే సమయానికి తెర మీద క్షమాపణ వేయించడం, ఈ రెండే అడగమంటాను. ఇలా రాయి: "ఈ ప్రసారం జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్‌కు, ప్రోగ్రామ్ కోడ్‌కు విరుద్ధం. ఈ వీడియోను యూట్యూబ్, ఫేస్‌బుక్‌తో సహా అన్నిచోట్లా వెంటనే తొలగించాలి. అదే వార్తల సమయంలో క్షమాపణ ప్రసారం చేయాలి. తీసుకున్న చర్య నాకు రాతపూర్వకంగా తెలపాలి." ఇంతే. ఒక పేజీ దాటితే చదివేవాడు ఉండడు.

దీని కాపీ జిల్లా బాలల సంక్షేమ కమిటీకి తప్పకుండా ఇవ్వు. చానల్ కంటే ముందు కదిలేది వాళ్ళే కావచ్చు.

ఇక కలెక్టర్ సంగతి. ప్రజావాణికి పోవద్దని కాదు, పోయి ఏం అడగాలో తెలియాలి. టీవీ కార్యక్రమాలను గమనించడానికి జిల్లా స్థాయి కమిటీ ఉండాలని కేంద్రం ఎప్పుడో చెప్పింది. కలెక్టర్ అధ్యక్షులు, ఎస్పీ, జిల్లా పౌర సంబంధాల అధికారి (డీపీఆర్‌ఓ), ఒక మహిళా కళాశాల ప్రిన్సిపాల్, మహిళల, పిల్లల సంక్షేమానికి పనిచేసే సంస్థల వాళ్ళు సభ్యులు. లోకల్ కేబుల్ చానల్ మీదైతే ఈ కమిటీ నేరుగా పట్టించుకోగలదు. శాటిలైట్ చానలైతే పైకి రాసి పంపడమే దాని పని. కాబట్టి "నిషేధించండి" అనకుండా, "కమిటీ ముందు పెట్టి, రాష్ట్రం ద్వారా సమాచార ప్రసార శాఖకు పంపండి" అని అడుగు. అసలు మన జిల్లాలో కమిటీ ఉందా, ఆఖరుసారి ఎప్పుడు కూర్చుంది అని ఆర్టీఐ కింద ఒక దరఖాస్తు పడెయ్. ఆ ప్రశ్న అడిగితేనే సగం ఆఫీసులు నిద్ర లేస్తాయి.

నిషేధం మాట నాకెందుకు గిట్టదో కూడా చెప్పాలి. 1995 కేబుల్ చట్టంలో ప్రజాప్రయోజనం కోసం ప్రసారాలు ఆపే అధికారం ఉంది. 19వ సెక్షన్ కింద జిల్లా మేజిస్ట్రేట్ కూడా ఆపగలరు. మంచిదే అనిపిస్తుంది. 2014 జూన్‌లో మన శాసనసభ్యులను ఎగతాళి చేశారని గొడవై, రెండు తెలుగు వార్తా చానళ్ళు నెలల తరబడి మన కేబుల్‌లో రాకపోవడం నీకు గుర్తుండే ఉంటుంది. ఆ ఎగతాళి నాకూ నచ్చలేదు. అయినా ఏ చానల్ చూడాలో నా ఇంట్లో ఎవరో నిర్ణయించడం అంతకంటే నచ్చలేదు. భద్రత పేరుతో ఒక మలయాళ చానల్ లైసెన్సు పునరుద్ధరించకపోతే, కారణం చెప్పకుండా అట్లా చేయడం చెల్లదని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆకాశ తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో చెప్పిందీ ఆ కోర్టే. ఆ తీర్పు రాసినవారిలో మన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి ఉన్నారు. ప్రజల ఆస్తి అంటే సర్కారు ఇష్టమూ కాదు, చానల్ యజమాని ఇష్టమూ కాదు. నువ్వు ఈ రోజు మూయించమన్న చానల్, రేపు మీ ఊరి బోరునీళ్ళ సంగతి చూపించేదీ అదే కావచ్చు.

నూనె ప్రకటన మాత్రం గట్టిగానే పట్టుకో. మర్రిగూడ, నాంపల్లి వైపు ఫ్లోరైడ్ నీళ్ళు తాగి ఎముకలు వంగినవాళ్ళు ఎంతమందో నీకు నేను చెప్పాలా? ఒకసారి ఎముకల్లో చేరిన ఫ్లోరోసిస్‌ను ఏ నూనే తీయలేదు. మధ్యాహ్నం టీవీలో ఒక ముసలాయన కర్ర పారేసి నడిచినట్టు చూపిస్తే మీ అత్తమ్మలాంటి వాళ్ళు పింఛను డబ్బుతో కొంటారు. అడ్వర్టైజింగ్ కోడ్, అంటే కేబుల్ నియమాల్లోని 7వ నియమం, రుజువు చేయలేని అద్భుత గుణాలు ఉన్నాయనే ప్రకటన వేయకూడదంటుంది. షుగర్, క్యాన్సర్, పక్షవాతం లాంటి కొన్ని జబ్బులు నయం చేస్తామని ప్రకటించడమే 1954 నాటి మ్యాజిక్ రెమెడీస్ చట్టం కింద నేరం. ఆ సీసా లేబుల్ మీద ఏ జబ్బుల పేర్లున్నాయో చూసి, ఫొటో తీసి డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కు ఇవ్వు. మన రాష్ట్ర ఔషధ నియంత్రణ విభాగం ఈ మధ్య ఇట్లాంటి లేబుళ్ళ మీద కేసులు పెడుతోంది.

డబ్బు వెనక్కి కావాలంటే 1915కు ఫోన్ చేయించు, వినియోగదారుల హెల్ప్‌లైన్ అది. బిల్లు, కొరియర్ కవరు పారేయలేదు కదా? ముంబైలోని అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్‌కు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయడానికి రూపాయి ఖర్చు లేదు. తప్పుదారి పట్టించే ప్రకటనకు 2019 వినియోగదారుల చట్టం కింద తయారీదారుకే కాదు, అందులో నటించి సిఫారసు చేసినవాళ్ళకు కూడా రూ. 10 లక్షల దాకా జరిమానా పడొచ్చు. ఈ ముక్క ఫిర్యాదులో తప్పక రాయి.

చానల్ వాళ్ళు ఫోన్ చేసి "అక్కా, మాట్లాడుకుందాం" అంటారు. మాట్లాడు, తప్పు లేదు. కానీ ఏం ఒప్పుకున్నారో ఈమెయిల్‌లో రాయమను. ఈమెయిల్‌తో పాటు స్పీడ్ పోస్టులోనూ ఒక కాపీ పంపి, రసీదులన్నీ ఒకే ఫైల్లో పెట్టుకో. ముందు అమ్మాయి వార్త మీద ఫిర్యాదు రాసి నాకు పంపు, ఆ వారం గడువు నడుస్తోంది. నూనె కాగితం తర్వాత చూద్దాం. అక్కను అడిగానని చెప్పు.

మీ మేనమామ