నీరు ఇంకని నేలా, నీరు వదలని నేలా?

సందేహం: అమెరికాలో పశ్చిమ నార్త్ కరోలినా కొండల మధ్య, ఏటి పక్కన మా బంధువులు పొలం కొన్నారు. అక్కడి ప్రభుత్వ మట్టి సర్వే వివరణను వారి కోసం తెలుగులోకి మారుస్తున్నాను. ‘అర్కాక్వా నేలలు చాలా లోతైనవి. ఇవి కొంత నీరు సరిగా ఇంకని వరద మైదాన నేలలు. వర్షాకాలంలో భూగర్భ నీటిమట్టం ఒకటిన్నర, రెండు అడుగుల దాకా పైకి వస్తుంది. అప్పుడప్పుడు వరద వస్తుంది. మట్టిలో మచ్చలు ఉంటాయి’ అని రాశాను. ఊళ్లో వ్యవసాయం చేసిన పెద్దాయన ఒకరు చదివి, ‘అయితే చవుడు నేలేగా, జిప్సం వేయమను’ అన్నారు. నా అనువాదంలో తప్పెక్కడుంది? ఒండ్రు, వండ్రు అనే మాటల్లో ఏది సరైనది?

సమాధానం: పెద్దాయన పొరబడ్డారని అనలేం. మీ వాక్యాలు చదివిన తెలుగు రైతు ఎవరైనా అటే వెళతారు. ఒక్కో మాటా తెలుగుగానే ఉంది కానీ, అన్నీ కలిసి వేరే నేలను చూపిస్తున్నాయి.

ముందు ‘ఇంకు’ సంగతి. ఇంకడమంటే నీరు పైనుంచి మట్టిలోకి పోవడం. వాన ఇంకింది, చెరువు ఇంకిపోయింది, ఇంకుడు గుంత తవ్వారు అంటాం. నీరు ఇంకని నేల అనగానే బిగుసుకున్న బంకమట్టి, దాని మీద నిలిచిన నీరు గుర్తొస్తాయి. అర్కాక్వా అలాంటిది కాదు, గరప నేల, అంటే ఇసుకా మెత్తటి మట్టీ బంకమట్టీ కలగలిసినది. వాన పడితే చక్కగానే తాగుతుంది. దాని ఇబ్బంది కింద ఉంది. ఈ నేలలు ఏటి మట్టానికి కాస్త ఎత్తులో, నూటికి రెండడుగులు కూడా మించని వాలుతో పరుచుకుని ఉంటాయి. చుట్టూ ఉన్న కొండల నుంచి నీరు మట్టి అడుగునే దిగివస్తుంది, బయటికి పోవడానికి వాలు చాలదు. అందువల్ల నీరు కిందనుంచి పైకి ఎక్కి, వేళ్లుండే లోతులో నెలల తరబడి ఉండిపోతుంది. నీరు ఎంత తేలిగ్గా లోపలికి వెళుతుందన్నది ఒక సంగతి. లోపలి నీరు ఎంత కాలానికి పోతుందన్నది వేరే సంగతి. సర్వేవారు ఇక్కడ చెబుతున్నది రెండోదాన్ని.

దీనికి మన వ్యవసాయ పుస్తకాల్లో ‘మురుగు నీటి పారుదల’ అనే మాట ఉంది. పంట కాలువ, మురుగు కాలువ పక్కపక్కనే పారే డెల్టా ప్రాంతం వారికి అది సహజంగా అర్థమవుతుంది. పట్నవాసులకు మాత్రం మురుగు అంటే ఊరి కాలువలోని మురికినీరే. పైగా ‘మురుగు పారుదల సౌకర్యం లేని నేల’ అంటే మనిషి కాలువ తీయలేదని అర్థం వస్తుంది. సర్వే చెప్పేది కాలువలూ గొట్టాలూ లేకముందు నేలకు సహజంగా ఉన్న స్వభావాన్ని.

‘వరద తీసింది’, ‘పొలంలో నీరు తీసింది’ అనే పలుకుబడి ఈ భావానికి ఎంతో దగ్గర. ‘ఈ పొలంలో నీరు ఆలస్యంగా తీస్తుంది’ అని వాక్యంగా నిస్సంకోచంగా రాయవచ్చు. అదే ‘నీరు తీసే నేల’ అని విశేషణంగా మారిస్తే, నేల దేన్నో తోడిపోస్తున్నట్టు అన్వయం తప్పుతుంది. అందుకని విశేషణంగా ‘నీరు ఆలస్యంగా వదిలే నేల’ అనడం మేలు. వదిలేది నేల, వదిలించుకునేది నీటిని. ఎక్కడా తికమక ఉండదు.

ఇక ‘కొంత’. ‘కొంత నీరు సరిగా ఇంకని’ అన్నప్పుడు ‘కొంత’ నేరుగా ‘నీరు’కు అతుక్కుంటుంది. కొంత నీరు ఇంకుతుంది, కొంత ఇంకదు అనే అర్థం వస్తుంది. మీరు చెప్పదలచుకున్నది ఆలస్యం ఏపాటిదన్నది కాబట్టి, మాటను ఆలస్యం పక్కనే పెట్టండి: ‘నీరు కాస్త ఆలస్యంగా వదిలే నేల’. ఇక్కడ ‘కాస్త’ ఊతపదం కాదు, కొలతలో ఒక మెట్టు. సర్వేలో ఇలాంటి మెట్లు ఏడున్నాయి. నీరు మరీ త్వరగా వదిలేది, కాస్త త్వరగా వదిలేది, చక్కగా వదిలేది, ఒక మోస్తరుగా వదిలేది, కాస్త ఆలస్యంగా వదిలేది, ఆలస్యంగా వదిలేది, చాలా ఆలస్యంగా వదిలేది అని వరస. మీది అయిదోది. ఈ వరసంతా ఒకే క్రియ మీద నడవాలి. ఒకచోట ‘ఇంకని’, ఇంకోచోట ‘మురుగు పోని’, మరోచోట ‘తడి ఆరని’ అని మారిస్తే అవి ఒకే నిచ్చెన మెట్లని చదివేవారికి తెలియదు. అయిదో మెట్టు నేలలో, పంట పెరిగే రోజుల్లోనే చెప్పుకోదగినంత కాలం తక్కువ లోతులో తడి ఉంటుంది. నీరు పోయే దారి కల్పించకపోతే మామూలు మెట్ట పైర్లు బాగా దెబ్బతింటాయి.

‘వర్షాకాలంలో’ అన్నది మీ అనువాదంలో అన్నిటికన్నా పెద్ద పొరపాటు. మూలంలో ఉన్నది ‘ఏడాదిలో నీటిమట్టం పైకి వచ్చే కాలం’ అని మాత్రమే. మనకు అది జులై నుంచి అక్టోబరు కాబట్టి చెయ్యి దానంతటదే వర్షాకాలం అని రాసేస్తుంది. అపలాచియన్ కొండల్లో వాన ఏడాది పొడవునా పడుతుంది. నీటిమట్టాన్ని అక్కడ నిర్ణయించేవి చెట్లు. వేసవిలో నిండుగా ఆకులున్న అడవి నేలలోని నీటిని లాగేస్తుంది, మట్టం దిగిపోతుంది. ఆకులు రాలాక లాగేవారుండరు, చలికి ఆవిరీ తక్కువ. నవంబరు నుంచి మట్టం లేస్తూ వచ్చి, చలికాలం చివర, వసంతం మొదట్లో బాగా పైన ఉంటుంది. మీ బంధువులు ఆగస్టులో గొయ్యి తవ్వి, పొడిగా ఉందని సంబరపడే ప్రమాదం ఉంది. ఫిబ్రవరి చివర లేదా మార్చిలో, పెద్ద వాన పడిన మర్నాడే తవ్వకుండా కాస్త ఆగి, నాలుగడుగుల గొయ్యి తీయమనండి. ఒకటి రెండు రోజులు పైన మూత వేసి ఉంచితే గోతిలో నీరు ఒక మట్టానికి వచ్చి ఆగుతుంది. నేల మీదినుంచి ఆ మట్టం ఎంత లోతులో ఉందో కొలవాలి. 18 నుంచి 24 అంగుళాల మధ్య ఉంటే సర్వే చెప్పింది ఆ పొలానికి వర్తిస్తుంది.

‘అప్పుడప్పుడు’ కూడా ఇలాగే మోసం చేస్తుంది. మన వాడుకలో అప్పుడప్పుడు అంటే ఏడాదిలోనే నాలుగైదుసార్లు కావచ్చు. సర్వేలో ఆ స్థానంలో ఉన్న మాటకు కట్టుదిట్టమైన అర్థం ఉంది: ఏ ఏడాదైనా వరద వచ్చే అవకాశం నూటికి 5 నుంచి 50 పాళ్లు. దానికన్నా తక్కువ, అంటే 1 నుంచి 5 పాళ్లయితే అరుదు. 50 దాటితే తరచు. కాబట్టి ‘కొన్నేళ్లకోసారి’ అని రాసి, పక్కన అంకెలు ఇవ్వండి. ఇంకొక జాగ్రత్త: వరదనూ తడినీ ఒకే వాక్యంలో కలపకండి. కలిపితే వరద వల్లే నేల తడిగా ఉంటుందని అనిపిస్తుంది. కొండ ఏరు చప్పున పొంగి, చాలాసార్లు ఒకటి రెండు రోజుల్లోనే తీసేస్తుంది. మట్టిలోని తడి ఏ వరదా రాని ఏడాదిలోనూ ఉంటుంది.

‘చాలా లోతైన నేలలు’ అంటే లోతట్టు భూములనుకునే వారున్నారు. అక్కడ లోతు అంటే రాతి పలక తగిలేదాకా ఉన్న మట్టి మందం. 60 అంగుళాలు దాటితే ‘చాలా లోతు’. ‘అయిదడుగుల వరకు రాయి తగలదు’ అంటే ఎవరికైనా అర్థమవుతుంది. దీని చుట్టం కల్లోవీ నేల కూడా అయిదో మెట్టుదే. అయితే అందులో 20 నుంచి 40 అంగుళాల గరప కిందే ఇసుకా గులకరాళ్లూ గుండ్రాళ్లూ మొదలవుతాయి. ఈ రాళ్లు ఏరు తెచ్చి పోసినవి, రాతి పలక కాదు. అనువాదంలో రెండిటికీ ‘రాయి’ అనే మాటే వాడితే కల్లోవీ లోతు తక్కువ నేల అనుకుంటారు.

ఇప్పుడు మచ్చలు. ‘మచ్చలు ఉంటాయి’ అంటే ఏదో తెగులులా వినిపిస్తుంది. ఆ నేల గురించి నిజంగా చెప్పగలిగేవి ఈ మచ్చలే కాబట్టి ఇక్కడ వివరం తగ్గించకూడదు. మట్టిలో నీరు నిండి గాలి ఆడనప్పుడు సూక్ష్మజీవులు ఉన్న ఆక్సిజన్‌ను వాడేసుకుని, తరవాత తుప్పు రూపంలో ఉన్న ఇనుము మీద పడతాయి. అప్పుడు ఇనుము నీటిలో కరిగే రూపానికి మారి కదిలిపోతుంది. అది వదిలి వెళ్లిన చోట మట్టి బూడిద రంగుకు తిరుగుతుంది. కరిగిన ఇనుము వేరు దారిలోనో పగులులోనో గాలి తగిలిన చోట మళ్లీ తుప్పై పేరుకుంటుంది, అక్కడ ఎరుపు గోధుమ మచ్చ పడుతుంది. మాంగనీసు పేరుకుంటే నల్లటి చుక్కలు. కనుక మచ్చలు రెండు జాతులు: ‘ఇనుము పోయిన మచ్చ’, ‘ఇనుము పేరుకున్న మచ్చ’. ఈ నేలల్లో 24 అంగుళాల లోపలే ఇనుము పోయిన మచ్చలు కనిపించాలి. రంగును తడి మట్టి మీద, నీడ కాకుండా వెలుతురులో, రంగుల పుస్తకంలోని చదరాలతో పోల్చి చూస్తారు. రంగు గాఢతను చెప్పే అంకె 2 లేదా అంతకు తక్కువ ఉంటే అది లెక్కకు వచ్చే బూడిద రంగు. ఒక చిక్కు ఏమిటంటే, కొండరాయి పొడిలోనే బూడిద రంగు ఉండవచ్చు. బూడిద మచ్చ పక్కన తుప్పు మచ్చ కూడా ఉందా అని చూస్తే ఆ అనుమానం చాలావరకు తీరుతుంది.

ఈ మట్టిలో మెరిసే అభ్రకం రేకులు సాధారణం. మన పల్లెల్లో కాకిబంగారం అనేది ఇదే, గూడూరు ప్రాంతం వారికి వేరే చెప్పనక్కర్లేదు. దీని వల్ల చేతి పరీక్షలో పొరపాటు జరుగుతుంది. తడి మట్టిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కి పట్టీలా సాగదీసినప్పుడు, ఒక అంగుళం లోపే తెగితే గరప, రెండంగుళాల దాకా సాగితే బంక గరప, ఆ పైన సాగితే బంకమట్టి. అభ్రకం ఎక్కువైతే మట్టి వేళ్లకు జారుడుగా తగిలి, ఉన్నదానికన్నా మెత్తటి మట్టి అనిపిస్తుంది. జారుడును నమ్మకుండా పట్టీ పొడవును నమ్మాలి.

చవుడు మాట ఎలా వచ్చిందో ఇప్పుడు తెలుస్తుంది. మన కాలువల కింద నీరు నిలిచిన నేలల్లో ఎండకు ఉప్పు పైకి తేలి చవుడెక్కడం రైతుల అనుభవంలో ఉన్నదే. అందుకే మురుగు అనగానే చవుడు తడుతుంది. అపలాచియన్ వానలు ఉప్పును ఎప్పటికప్పుడు కడిగేస్తాయి. అక్కడి నేలలు దానికి ఎదురు స్వభావంవి, పులుపు నేలలు. వాటికి వేయవలసింది జిప్సం కాదు, సున్నం. అదీ మట్టి పరీక్ష చెప్పిన మోతాదులో, కూరగాయలకైతే ఉదజని సూచిక (pH) 6 నుంచి 6.5 మధ్యకు వచ్చేలా. అనువాదంలో ‘పులుపు నేల’ అనో ‘ఆమ్ల నేల’ అనో ఒక్క మాట చేర్చి ఉంటే పెద్దాయన జిప్సం మాట ఎత్తేవారే కాదు.

‘వరద మైదానం’ బడి పుస్తకాల్లో స్థిరపడింది, ఉంచండి. అయితే మైదానం అంటే కనుచూపు మేర పరుచుకున్న నేల తోస్తుంది. అక్కడిది కొండల మధ్య ఇరుకైన పట్టీ. ‘కొండలోయలో ఏటి వెంట ఉన్న వరద పల్లం’ అంటే ఇంకా స్పష్టం. ‘ముంపు నేల’ అనకండి, ఇప్పుడు ఆ మాట జలాశయాల కింద మునిగే ఊళ్లకు అంటుకుపోయింది. పల్లం అన్నాక ఏటి ఒడ్డే అన్నిటికన్నా తడిగా ఉంటుందనుకుంటారు. వాస్తవం అందుకు వ్యతిరేకం. వరద గట్టు దాటగానే ముందు ఇసుకను దించేస్తుంది కాబట్టి ఒడ్డు కాస్త మెరకగా, నీరు బాగా వదిలేదిగా ఉంటుంది. అక్కడ రోస్‌మన్ వంటి నేలలుంటాయి. మధ్యలో అర్కాక్వా, కల్లోవీ. కొండ పాదం దగ్గర ఊట దిగే చోట, మరింత తడిగా నిక్వాసీ వంటివి. ఆ కొండ పాదపు తడికి తెలంగాణ రైతుల మాట ‘జాలు’ చక్కగా సరిపోతుంది. జాలు పట్టిన చోటుకు కొండ పాదం వెంబడి అడ్డుకాలువ తీసి ఊటను పక్కకు మళ్లించవచ్చు. కిందనుంచి లేచే నీటికి అది పనిచేయదు. అక్కడ రంధ్రాల గొట్టాలు పూడ్చాలి, లేదా 8 నుంచి 12 అంగుళాల ఎత్తు మడులు కట్టి పండించాలి. ఇంటి మరుగుదొడ్డి నీటిని మట్టిలోకి వదిలే గొట్టాలకు మాత్రం ఈ నేల పనికిరాదు. చలికాలంలో నీరు ఎదురు నిలుస్తుంది.

సాగు సంగతి రాసేటప్పుడు ‘తడి వల్ల విత్తడం ఆలస్యమవుతుంది’ అని చుట్టు తిప్పనక్కర్లేదు. ‘ఈ నేల పదునుకు ఆలస్యంగా వస్తుంది’ అంటే చాలు. పదును రాకముందే ట్రాక్టరు దింపితే దున్నిన లోతు కింద మట్టి గట్టి పలకలా బిగుస్తుంది. నీరు ఇంకని నేల అన్న మాట నిజమయ్యేది అప్పుడే.

ఇవన్నీ కలిపితే మీ పేరా ఇలా ఉండవచ్చు: ‘అర్కాక్వా నేలలు కొండలోయల్లో ఏటి వెంట వరద పల్లాల్లో ఉంటాయి. ఏరు తెచ్చిన ఒండ్రుతో ఏర్పడిన పులుపు గరప నేలలు. అయిదడుగుల వరకు రాతి పలక తగలదు. నీటిని కాస్త ఆలస్యంగా వదులుతాయి: చలికాలం నుంచి వసంతం దాకా నీటిమట్టం 18 నుంచి 24 అంగుళాల లోతుకు లేస్తుంది. కొన్నేళ్లకోసారి వరద వస్తుంది, ఏ ఏడాదికైనా అవకాశం నూటికి 5 నుంచి 50 పాళ్లు. రెండడుగుల లోపలే ఇనుము పోయిన బూడిద మచ్చలు, పేరుకున్న తుప్పు మచ్చలు కనిపిస్తాయి.’

ఒండ్రు, వండ్రు రెండూ వాడుకలో ఉన్నవే. పదం మొదటి ఒకారాన్ని మనం ‘వొ’ అని పలకడం వల్ల ఈ జంట ఏర్పడింది. పాఠ్యపుస్తకాల్లో ఒండ్రు నిలబడింది కాబట్టి మీరు అదే రాయండి. అయితే ఒండ్రు అంటే నీరు నెమ్మదించాక దిగిన మెత్తటి మట్టి. వరద పోసిన ఇసుక కుప్పకు ‘మేట’ అనే వేరే మాట ఉంది, ఇసుక మేట వేసింది అంటాం. 2024 సెప్టెంబరులో హెలీన్ తుపాను తరవాత ఆ కొండలోయల్లో పొలాల మీద ఈ రెండూ చేరాయి. పలచటి ఒండ్రును దున్ని కలిపేయవచ్చు. మందపాటి మేటను ఎత్తిపోయవలసిందే. కనుక మీ బంధువుల పొలం మీద ఉన్నది ఏదో అడిగి, ఆ మాటే రాయండి.