డైనీమా షాకిల్ ముడి వదులవుతోందా? ముందు లైటర్ పక్కన పెట్టండి

6 ఎంఎం డైనీమాతో (చాలా గట్టి ప్లాస్టిక్ పోగుల తాడు) సాఫ్ట్ షాకిల్ (ఇనుప లంకె బదులు వాడే తాడు లంకె) చేశానని, చేతికి గట్టిగానే ఉన్న డైమండ్ ముడి (లంకె ఒక కొసన గుండులా ఉండేది, రెండో కొసనున్న కన్నులోంచి దూర్చి మూస్తారు) తెరచాప కొట్టుకునేసరికి వదులవుతోందని, కొసలు కాల్చి అంటించెయ్యొచ్చా అని ఒకరు అడిగారు. వద్దండి. డైనీమా సుమారు 150 డిగ్రీలకే కరిగిపోతుంది. కాలిన కొస గాజుపెంకులా గట్టిపడుతుందే తప్ప జారే ముడిని ఆపలేదు. పైగా ఆ వేడికి పక్కనున్న మంచి పోగులు కూడా పాడవుతాయి.

నేను దుబాయ్ మెరీనాలో ఆరేళ్ళు యాట్‌లకి తాళ్ళు కట్టి వచ్చాను. అయినా ఇంటికొచ్చాక మొదట చేసిన షాకిల్‌కే దెబ్బతిన్నాను. చూడ్డానికి బావుండాలని కొసలు ముడి దగ్గరికంటా కోసేశాను. అంతర్వేది దగ్గర వశిష్ఠ సముద్రంలో కలిసే చోట గాలి ఒక్క ఊపు ఊపింది. కొసలు లోపలికి జారి ముడి విడిపోయింది, ముందు తెరచాప జెండాలా ఎగిరింది. మా బావమరిది ఇప్పటికీ దెప్పుతాడు.

మా నాన్నగారు నూలు తాడు ముడి వేసి కాలవలో ముంచేవారు, నానితే అదే బిగిసేది. డైనీమా దగ్గర ఆ పప్పులుడకవు. నీళ్ళు పీల్చదు, సబ్బులా జారుతుంది. బరువు పెట్టి లాగితేనే బిగుస్తుంది.

మొదట చేత్తో. కొసలు పట్టుకుని ఒక్కసారే లాగితే ముడి వంకర తిరుగుతుంది. మొద్దు దబ్బనంతో ఒక్కో మెలికలోని వదులు ఎత్తి, తాడు వెళ్ళిన దారినే కొసదాకా తోసుకుంటూ పోవాలి. అలా మూడు చుట్లు. పొద్దుపోతుంది, కానీ ఇక్కడ తొందరపడ్డవాళ్ళే తర్వాత లైటర్ వెతుక్కుంటారు.

తర్వాత మా పెరట్లో రెండు కొబ్బరిచెట్ల మధ్య ఒక టన్ను చైన్ పుల్లీ కడతాను. షాకిల్‌ని బోటులో ఎలా వాడతామో అలాగే మూసి, రెండు పక్కలా లావుపాటి ఇనుప డీ షాకిల్ తగిలించి లాగుతాను. అంచు పదునున్న కొక్కెం వద్దు, తాడు తెగుతుంది. లాగేటప్పుడు తాడుకి ఎదురుగా ఎవర్నీ నిలబడనివ్వకండి. పది నిమిషాలు అలా ఉంచి, వదిలి, మళ్ళీ లాగండి. నిమ్మకాయంత ముడి కుంకుడుకాయంత అవుతుంది, గోరుతో నొక్కినా దిగదు. ముడి చిన్నదవుతుంది కాబట్టి కన్ను దాని మెడ దగ్గర బిగుతుగా మూసుకుంటోందో లేదో ఇప్పుడే చూడండి.

కొసలు ఎంత ఉంచాలంటారా? ముడి బిగించకముందే కొసలు బయటికొచ్చే చోట మార్కర్‌తో గీత పెట్టండి. నా దాంట్లో మొదటి లాగుడికే గీత అర అంగుళం లోపలికి పోయింది. లాగిన ప్రతిసారీ కొత్త గీత పెట్టండి. వరసగా రెండుసార్లు గీత కదలకపోతే అప్పుడు కొయ్యండి, అదీ రెండంగుళాలు వదిలి. ఓపికుంటే ఆ రెండంగుళాలు కూడా బయట ఉంచక్కర్లేదు. ముందే కాస్త పొడుగ్గా ఉంచుకుని, పోగులు కొన్ని కత్తిరించి సన్నగా చేసి, మధ్యలో బోలుగా ఉండే ఆ షాకిల్ తాడు లోపలికే దూర్చెయ్యండి. నేనిప్పుడు చేసేవన్నీ అలాగే.