కెరీర్ సలహాలు: కెమెరా కొనాలా, కోర్సులో చేర్చాలా?

ప్రశ్న: మాది వనపర్తి దగ్గర పల్లె. మా అమ్మాయి ఈ ఏడాది ఇంటర్ పూర్తి చేసింది. ఫోన్‌తో తీసిన ఫోటోలను అందరూ మెచ్చుకోవడంతో, ఫోటోగ్రఫీనే వృత్తిగా తీసుకుంటానని, ముందుగా మంచి కెమెరా కొనివ్వమని పట్టుబడుతోంది. కొనాలా, ఏదైనా కోర్సులో చేర్చాలా? ఆడపిల్లకు ఈ పని సరిపడుతుందా?
- ఒక తండ్రి, వనపర్తి జిల్లా

జవాబు: ఇప్పుడే కెమెరా కొనకండి. ఫోటోగ్రఫీ వద్దని చెప్పడం నా ఉద్దేశం కాదు. ఫోన్ వెలుతురును తానే లెక్కగట్టి, నీడలను తానే సవరించి చూపిస్తుంది కాబట్టి, ఇప్పటివరకు వచ్చిన మెప్పులో అమ్మాయి చూపు ఎంత, ఫోన్ పనితనం ఎంత అన్నది తేలలేదు. డబ్బు తీసుకుని ఒక కుటుంబం పెళ్లి ఫోటోలు తీసే మనిషికి ఆ లెక్క స్వయంగా తెలిసి ఉండాలి. తెలియనంత కాలం లక్ష రూపాయల కెమెరా కూడా అన్నీ తానే నిర్ణయించుకునే ఆటో మోడ్‌లోనే ఉండిపోతుంది.

వనపర్తిలో ఫోటో స్టూడియో నడిపేవారు ఎవరైనా మీకు తెలిసి ఉంటే, కొన్ని నెలలు సహాయకురాలిగా చేర్చుకొమ్మని అడగండి. అది కుదరకపోతే బంధువుల ఇంట్లో బీరువాలో పడివున్న పాత డీఎస్ఎల్ఆర్ (లెన్స్ మార్చుకోగల పెద్ద కెమెరా), దానితోపాటు వచ్చిన 18-55 లెన్స్ సరిపోతాయి. పాత కెమెరాలోనైనా కొత్త కెమెరాలోనైనా నేర్చుకోవలసిన సెట్టింగులు మూడే: అపర్చర్, షటర్ స్పీడ్, ఐఎస్ఓ.

అపర్చర్ అంటే లెన్స్‌లో వెలుతురు ప్రవేశించే రంధ్రం పరిమాణం. ఎఫ్ 2.8, 4, 5.6, 8, 11, 16 అనే వరుసలో ఒక్కో మెట్టు పైకి వెళ్లినప్పుడల్లా రంధ్రం చిన్నదై లోపలికి వచ్చే వెలుతురు సగానికి తగ్గుతుంది, అదే సమయంలో ముందువెనుక ఉన్న వస్తువులు మరింత స్పష్టంగా కనబడతాయి. షటర్ స్పీడ్ ఆ వెలుతురు ఎంతసేపు పడాలో నిర్ణయిస్తుంది. సెన్సర్ (వెలుతురును ఫోటోగా మార్చే పలక) అందుకున్నదాన్ని కెమెరా ఎంత హెచ్చించి చూపాలో చెప్పేది ఐఎస్ఓ. దాన్ని పెంచితే ఫోటో వెలుగుతుంది కానీ, మసక వెలుతురులో చుక్కలు చుక్కలుగా నాయిస్ బయటపడుతుంది. ఐఎస్ఓను కదపకుండా ఎఫ్ 8 వద్ద సెకనులో 125వ వంతు సేపు తీసిన ఫోటోకూ, ఎఫ్ 4 వద్ద 500వ వంతు సేపు తీసిన ఫోటోకూ వెలుతురు ఒక్కటే. అయితే రెండోదానిలో వెనుకనున్న జనం మసకబారతారు, పరుగెత్తే పిల్లవాడు కదలకుండా నిలిచిపోతాడు. ఈ రెండింటిలో ఏది కావాలో కెమెరాకు తెలియదు, తీసేవారికే తెలియాలి.

మొదటి సాధనకు మన ఎండే చాలు. మబ్బు లేని మధ్యాహ్నం ఎఫ్ 16 పెట్టి, ఐఎస్ఓ 100 అయితే షటర్‌ను 100వ వంతుకు దగ్గరగా 125వ వంతు వద్ద ఉంచితే ఎండలోని మనిషి ఫోటో ఇంచుమించు సరిగా వస్తుంది. ఇది ఫిల్ము కాలం నుంచి వాడుకలో ఉన్న సూత్రం. తరువాత మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి తీసుకువెళ్లండి. అంత విశాలమైన మర్రినీడలో వెలుతురు బయటి ఎండకంటే ఎన్నో మెట్లు తక్కువగా ఉంటుంది, మధ్యమధ్య ఆకుల సందుల్లోంచి ఎండ మరకలు పడుతుంటాయి. అక్కడ మనిషి ముఖానికి ఎక్స్‌పోజర్ (ఫోటోకు అందే మొత్తం వెలుతురు) సరిచేస్తే ఎండ మరకలు తెల్లగా మాడిపోతాయి, మరకలకు సరిచేస్తే ముఖం నల్లబడుతుంది. మనిషిని రెండు అడుగులు జరిపి నీడ సమంగా పరచుకున్న చోట నిలబెట్టాలన్న ఆలోచన ఆమెకు తనంతట తానుగా తట్టాలి.

కొత్తవారు ఎక్కువగా దెబ్బతినేది తెలుపు దగ్గర. కెమెరాలో వెలుతురును కొలిచే మీటరు, ఎదుట ఉన్నదంతా సగటున మధ్యస్థ బూడిద రంగులో ఉందనుకుని లెక్క కడుతుంది. మధుపర్కాలు కట్టుకున్న వధూవరులు ఫ్రేము నిండా ఉంటే ఆ తెలుపును చూసి వెలుతురు ఎక్కువైందని భావించి తగ్గించేస్తుంది. దాంతో బట్టలు బూడిద రంగులోకి, ముఖాలు చీకట్లోకి పోతాయి. అటువంటప్పుడు మీటరు లెక్కను మనం సవరించే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను ఒక మెట్టు వరకు పెంచాలి, నల్ల గేదెను తీసేటప్పుడు అదే విధంగా తగ్గించాలి. ఫంక్షన్ హాల్లో మరో చిక్కు ఉంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి చాలా ట్యూబులైట్లు, చవక ఎల్ఈడీలు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి. కంటికి అది తెలియదు కానీ, షటర్ మరీ వేగంగా ఉంటే ఫోటోలో అడ్డచారలు పడవచ్చు, రంగు ఒక్కో ఫోటోలో ఒక్కో రకంగా రావచ్చు. షటర్‌ను 100వ వంతు వద్ద ఉంచితే చాలావరకు ఈ ఇబ్బంది తొలగుతుంది.

కంపోజిషన్‌కు, అంటే ఫ్రేములో ఏది ఎక్కడ ఉండాలో అమర్చుకోవడానికి, కెమెరా కూడా అక్కరలేదు, ఫోన్‌లో గ్రిడ్ గీతలు పెట్టుకుని నేర్చుకోవచ్చు. ఫ్రేమును అడ్డంగా, నిలువుగా మూడు భాగాలు చేసి ముఖ్యమైనదాన్ని ఆ గీతలు కలిసే చోట ఉంచమని అందరూ చెబుతారు, అది మంచి ఆరంభమే. నా దృష్టిలో అంతకంటే ముఖ్యమైనది నేపథ్యం. తల వెనుక కరెంటు స్తంభం మొలిచినట్టు ఉందా, అంచున ఎవరి మోచెయ్యో సగం తెగిందా, మనిషి చూస్తున్న వైపు కొంత ఖాళీ ఉందా అని బటన్ నొక్కకముందే చూసుకోవడం అలవాటు కావాలి.

ఆడపిల్లకు సరిపడుతుందా అని అడిగారు. ఆరో నిజాం కొలువులో పేరుపొందిన రాజా దీన్‌దయాళ్ 1892లోనే హైదరాబాద్‌లో స్త్రీల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచి, దాని నిర్వహణను ఒక మహిళకే అప్పగించారు. నేడు కూడా బారసాల, సీమంతం, హాఫ్ శారీ ఫంక్షన్, పెళ్లికూతురి అలంకరణ వంటి సందర్భాలలో మహిళా ఫోటోగ్రాఫర్ ఉంటే బాగుండునని కోరుకునే కుటుంబాలున్నాయి. రాత్రి రిసెప్షన్ ముగిశాక ఇంటికి చేరడం మాత్రం నిజమైన సమస్య, ఒంటరిగా కాకుండా బృందంతో పనిచేసే ఏర్పాటు ముందే చూసుకోవాలి. ఆషాఢం, మూఢాల వంటి ముహూర్తాలు లేని రోజుల్లో ఆదాయం బాగా తగ్గుతుందని కూడా ఇప్పుడే ఆమెకు చెప్పండి.

చదువు మానిపించకండి. హైదరాబాద్ మాసబ్ ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో ఫోటోగ్రఫీలో నాలుగేళ్ల బీఎఫ్ఏ (బ్యాచిలర్ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్) డిగ్రీ ఉంది, ప్రవేశ పరీక్ష ద్వారా సీట్లిస్తారు. ప్రకటన రాగానే నిబంధనలు చదివి దరఖాస్తు చేయించండి. సీటు రాకపోతే దగ్గరలో ఏదైనా డిగ్రీలో చేర్చి సాధన కొనసాగించనివ్వండి. వారాంతపు కోర్సులకు పెద్ద మొత్తం కట్టేముందు, బోధించేవారు మాన్యువల్ మోడ్‌లో (సెట్టింగులన్నీ తీసేవారే పెట్టుకునే పద్ధతిలో) విద్యార్థుల చేత ఎన్ని ఫోటోలు తీయిస్తారో కనుక్కోండి.

కొన్ని నెలల తరువాత ఒకే మనిషిని మిట్టమధ్యాహ్నం ఎండలో, సాయంత్రం గుమ్మం నీడలో, రాత్రి ట్యూబులైటు కింద మాన్యువల్ మోడ్‌లో తీసి చూపమనండి, ప్రతి సెట్టింగుకూ కారణం అడగండి. తడబడకుండా చెప్పగలిగితే సెకండ్‌హ్యాండ్ బాడీ (లెన్స్ లేని కెమెరా) ఒకటి, 50 ఎంఎం ఎఫ్ 1.8 లెన్స్ ఒకటి కొనివ్వవచ్చు. పాత బాడీ కొనేటప్పుడు షటర్ ఇప్పటికి ఎన్నిసార్లు పనిచేసిందో చూపించమని, అసలు బిల్లు ఇవ్వమని తప్పకుండా అడగండి.